రోచెస్టర్ కోట బురుజుకి ఒక్క మూల మాత్రమే గుండ్రంగా ఎందుకుంది?

ఇంగ్లండ్‌లోని కెంట్‌లో ఉన్న ఈ బురుజుకి మూడు మూలలు పలకగా ఉండి నాలుగోది గుండ్రంగా ఉంది, అలా కట్టాలనే కట్టారా అని అడిగారు. కాదండీ. ఆ మూల ఒకసారి కూలిపోయింది. కూల్పించింది సాక్షాత్తూ ఆ దేశపు రాజే!

మేముండేది పక్క ఊళ్లోనే. చుట్టాలొస్తే చూపించేది ఇదే కాబట్టి కథంతా నోటికొచ్చేసింది.

దీన్ని 1127 తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కట్టించాడు. ఎత్తు 113 అడుగులు. 1215 జూన్‌లో రాజు అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టా ఒప్పందానికి ఒప్పుకున్న జాన్ రాజుకీ సామంతులకీ అక్టోబరుకల్లా మళ్లీ చెడింది. తిరగబడ్డవాళ్లు ఈ కోటలో దూరి తలుపులు బిగించారు. లండన్ దారిలో మెడ్వే నది మీది వంతెన దీని కిందే ఉంది మరి.

రాళ్లు విసిరే యంత్రాలతో పని జరగలేదు. అప్పుడు జాన్ ఆగ్నేయ మూల కిందకి సొరంగం తవ్వించి, పునాదికి దుంగలు ఊతం పెట్టించాడు. ఆ దుంగలు కాలిపోతే పైన గోడ కూర్చుండిపోతుంది. వాటిని పంది కొవ్వుతో భగ్గుమనిపించడం కోసం నవంబరు 25న పంపిన ఉత్తర్వు ఇప్పటికీ ఉంది: బాగా కొవ్వు పట్టినవి, తినడానికి అంతగా పనికిరానివి 40 పందులు వెంటనే పంపమని. యుద్ధంలో ఉండి కూడా మంచి మాంసం వృథా కానివ్వలేదు మహానుభావుడు!

మూల కూలింది. అయినా లోపలివాళ్లు లొంగలేదు. బురుజుని నిలువునా రెండుగా చీల్చే అడ్డుగోడ ఒకటుంది, దాని వెనక్కి జరిగి పోరాడారు. ఇప్పుడు అంతస్తులన్నీ పోయి లోపలంతా డొల్ల. కింద నిలబడి తలెత్తితే దూలాలు దూర్చిన కన్నాలు, గాల్లో వేలాడుతున్నట్టుండే పొయ్యిగూళ్లు, వాటి నిండా పావురాలు. ఆ అడ్డుగోడలోనే బావి గొట్టం పైదాకా వెళ్తుంది, ఏ అంతస్తులో వాళ్లు అక్కడే చేదుకోవచ్చు. అంటే నీళ్లకి కరువు లేదు, తిండికే. ఆఖరికి గుర్రాల్ని కోసుకుతిని, నవంబరు 30న లొంగిపోయారు.

అందుకే, పందులు కోటని పడగొట్టాయనే మాట నేను ఒప్పుకోను. పందులు పడగొట్టింది మూలని, కోటని గెలిచింది ఆకలి.

జాన్ మరుసటేడే పోయాడు. కూలిన మూలని అతని కొడుకు మూడో హెన్రీ కాలంలో తిరిగి కట్టారు. అప్పటికి గుండ్రటి బురుజుల వాడుక వచ్చేసింది. పలక మూలకంటే వాటిని సొరంగంతో దెబ్బతీయడం కష్టం. దక్షిణం వైపు పచ్చికలో నిలబడి చూడండి, పలక మూల, గుండ్రటి మూల పక్కపక్కనే కనిపిస్తాయి. పైకి మెట్లు బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులుంటే కిందే ఉండిపోండి.