రాణుల జత, ఎదురుగా దూకుడు ఆటగాడు

ప్రశ్న: మాతో లిమిట్ హోల్డెమ్ (పందెం కొలత ముందే ఖాయమై ఉండే పోకర్ పేకాట) ఆడేవారిలో ఒకాయన, చేతిలో ఏమున్నా లేకపోయినా, దాదాపు ప్రతి ఆటలోనూ పందెం పెంచుతుంటారు. రాజుల జతో, రాణుల జతో వచ్చినప్పుడు నేనూ ఎదురు పెంచుతున్నాను గానీ, ఫ్లాప్‌లో (బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆసు పడి ఆయన వెంటనే పందెం కాస్తే ధైర్యం చాలక ఫోల్డ్ చేస్తున్నాను, అంటే ముక్కలు వదిలేస్తున్నాను. ఇలాంటివారి మీద పెద్ద జతలను ఎలా ఆడాలి?

జవాబు: ఫ్లాప్‌కు ముందు మీరు చేస్తున్నది సరైన పనే, దాన్ని మానకండి. రాణుల జత ఏవో రెండు ముక్కలతో ముఖాముఖి తలపడితే నూటికి సుమారు 80 సార్లు గెలుస్తుంది. అయితే మంది పెరిగేకొద్దీ ఏ జతకైనా బలం తరుగుతుంది. ఒక్కరి మీద నూటికి 85 సార్లు నెగ్గే ఆసుల జత సైతం నలుగురి మీద 56కు పడిపోతుంది. ఆయన పెంచగానే మీరు మళ్లీ పెంచితే, వెనుక ఉన్నవారు ఒకేసారి మూడు పందేల భారం మోయవలసి వస్తుంది గనుక చాలామంది తప్పుకుంటారు. బలాన్ని దాచుకుని ఊరికే కాల్ చేయడమంటే (పెంచకుండా ఆయన పందేనికి సమానంగా మాత్రమే కట్టడమంటే) వారందరినీ చౌకగా లోపలికి పిలవడమే.

అసలు ఇబ్బంది ఫ్లాప్ దగ్గరే. చేతిలో రాణులున్నప్పుడు ఫ్లాప్‌లో ఆసు గానీ రాజు గానీ పడే అవకాశం నూటికి 41; రాజులున్నప్పుడు ఆసు పడే అవకాశం దాదాపు 23. అన్నిసార్లూ వదిలేస్తే, అరుదుగా వచ్చే మంచి ముక్కలను ఒక్క చిన్న పందేనికి అప్పగించినట్టవుతుంది.

ఒక ఆట లెక్క చూద్దాం. ఆయన పెంచారు, రాణులతో మీరు ఎదురు పెంచారు, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే కట్టే తప్పనిసరి పందేలు) కట్టిన ఇద్దరూ తప్పుకున్నారు, ఆయన కాల్ చేశారు. పాట్‌లో (మధ్యలో పోగైన సొమ్ములో) మీ ఇద్దరివీ మూడేసి, బ్లైండ్లవి ఒకటిన్నర కలిపి ఏడున్నర చిన్న పందేలు ఉంటాయి; రెండు చిన్న పందేలు ఒక పెద్ద పందెం కాబట్టి, అంటే 3.75 పెద్ద పందేలు. ఫ్లాప్‌లో ఆసు, 8, 3 పడ్డాయి, ఆయన పందెం కాశారు. చివరిదాకా కాల్ చేస్తే మీకయ్యే ఖర్చు ఫ్లాప్‌లో అర, టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క దగ్గర) ఒకటి, రివర్‌లో (ఐదో ముక్క దగ్గర) ఒకటి, వెరసి 2.5 పెద్ద పందేలు; గెలిస్తే పాట్‌లోని 3.75కు ఆయన కాసిన 2.5 కలిసి 6.25 వస్తాయి. నూటికి దాదాపు 29 సార్లు మీ రాణులు నిలబడితే చాలు, నష్టం ఉండదు. జాకీ, పదితోనూ, ఏడుల జతతోనూ అదే ధాటిగా కాసే మనిషి మీద ఆ మాత్రం గెలుపు కష్టం కాదు. పైగా లిమిట్‌లో పందెం కొలత ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి, మీ ముందున్న చిప్స్ మొత్తాన్ని ఒక్క దెబ్బకు పణంగా పెట్టించే వీలు ఆయనకు లేదు.

అలాగని ఆసు పడినచోట మీరు పెంచవద్దని నా గట్టి అభిప్రాయం. ఆయన దగ్గర ఆసు లేకపోతే తప్పుకుంటారు, ఉంటే తిరిగి పెంచుతారు; రెండు విధాలా మీకు కలిసొచ్చేది తక్కువ. కాల్ చేస్తూ పోతే మాత్రం ఆయన ఉత్త చేతులతోనే ఇంకా రెండు పెద్ద పందేలు కాయవచ్చు. ఫ్లాప్‌లో 9, 6, 2 లాంటి చిన్న ముక్కలు పడితే సంగతి వేరు: ఇద్దరే ఉంటే కాల్ చేసి, పందెం రెట్టింపయ్యే టర్న్‌లో పెంచండి, మీ వెనుక మూడో మనిషి ఉంటే ఆగకుండా ఫ్లాప్‌లోనే పెంచండి.

ఒక్క హెచ్చరిక. ఈ లెక్క ఆ దూకుడు మనిషికే వర్తిస్తుంది. ఆసు పడిన ఫ్లాప్‌లో ఆయన కాసిన పందెం మీద, అంతవరకు నెమ్మదిగా ఆడుతున్న మూడో ఆటగాడు పెంచితే, మీ రాణులు వెనుకబడ్డాయనే అనుకుని వదిలేయండి.

ప్రశ్న: ఆయనకు ఏ పక్కన కూర్చుంటే మేలు?

జవాబు: ఆయన మీ కుడి పక్కన ఉండేలా చూసుకోండి. వంతు ఎడమ వైపుగా తిరుగుతుంది కాబట్టి, ఆయన పెంచారో లేదో తెలిసిన తరువాతే మీ వంతు వస్తుంది. ఎదురు పెంచి మిగతావారిని తప్పించడం అక్కడి నుంచే సాధ్యం.