ప్రపంచంలో ఒక్కసారైనా చూసి తీరాల్సిన ప్రకృతి వింత ఏది?

ఈ ప్రశ్న ఎవరు అడిగినా గ్రాండ్ కాన్యన్, నయాగరా, ఎవరెస్టు అంటూ జాబితా మొదలవుతుంది. నా జవాబు రుషికుల్య మొగ. ఒడిశాలో గంజాం జిల్లా, మా బరంపురానికి దగ్గర్లో, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ లక్షల ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు కొద్ది రోజుల వ్యవధిలో ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో అటవీ శాఖ లెక్క ప్రకారం ఆ ఒక్క తీరానికే ఆరున్నర లక్షలకు పైగా వచ్చాయి. ప్రపంచం మొత్తంలో ఇంత పెద్ద గుంపులుగా ఇవి ఒడ్డెక్కే చోట్లు చాలా తక్కువ. ముఖ్యంగా మెక్సికోలో, కోస్టారికాలో కొన్ని, మన ఒడిశాలో గహీర్మఠ, రుషికుల్య.

కొండ, లోయ, జలపాతం మనం ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటాయి. వాటిని తక్కువ చేయడం లేదు. కానీ నాకు వాటికంటే జరిగే వింతలే గొప్ప. టాంజానియా, కెన్యా గడ్డి మైదానాల్లో పది లక్షలకు పైగా విల్డెబీస్టులనే జింకజాతి జంతువులు పచ్చిక వెతుక్కుంటూ ఏడాది పొడవునా తిరుగుతాయి. గ్రాము కూడా తూగని మోనార్క్ సీతాకోకచిలుకలు కెనడా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల్లోని చెట్ల మీద చలికాలం గడుపుతాయి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో తొలి వానలు పడగానే కోట్ల ఎర్ర పీతలు అడవిలోంచి సముద్రానికి నడుస్తాయి. వాటి కోసం అక్కడ రోడ్ల మీద వంతెనలు కట్టారు. ఇవి ప్రతి ఏడాదీ తప్పకుండా జరుగుతాయన్న పూచీ లేదు. 2011లో ఫోన్లతో, ఇంటర్నెట్‌తో ఓట్లు వేయించి ఏడు ప్రకృతి వింతలు తేల్చారు. గెలిచినవి అమెజాన్, హాలాంగ్ బే, ఇగ్వాసు జలపాతం లాంటివి. మన దగ్గర్నుంచి చివరి పోటీ దాకా వెళ్లింది సుందర్‌బన్స్ ఒక్కటే. వింతను ఓట్లతో తేల్చడం అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మాది చేపల వేట కుటుంబం. నాన్న ఉద్యోగం కోసం బరంపురం చేరారు, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. అక్కను ఇచ్చింది మొగ దగ్గరి పల్లెలో. ఒక ఏడు ఫిబ్రవరి చివర్లో సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "దక్షిణపు గాలి గట్టిగా పట్టిందిరా. ఈ రాత్రి ఎక్కేస్తాయి, బయల్దేరు" అన్నాడు. అప్పటికి వారం నుంచీ తాబేళ్లు ఒడ్డుకు కాస్త దూరంలో తలలు ఎత్తి ఊపిరి పీల్చుకుంటూ కాచుకుని ఉన్నాయి. గాలి మారే దాకా ఒడ్డెక్కవని మా వాళ్ల లెక్క. పరిశోధకులు కూడా ఇక్కడి దక్షిణపు గాలికీ వీటి రాకకూ సంబంధం ఉందనే అంటారు. నాకైతే బావ మాట మీదే గురి.

పల్లెలో బండి ఆపి సరుగుడు తోటలోంచి నడిచాం. ఫోన్ ఆపించాడు. ముందు చప్పుడు వినిపించింది, టక టక మని చిప్పకు చిప్ప తగులుతున్న చప్పుడు. "అడుగు ఎత్తి వెయ్యకు, ఈడ్చుకుంటూ నడు" అన్నాడు బావ. ఎందుకో రెండు అడుగులకే అర్థమైంది. కాలు పెట్టడానికి చోటు లేదు. మసక వెన్నెల్లో అల వచ్చి వెనక్కి వెళ్లినప్పుడల్లా నల్లటి గుట్టలు కొత్తగా మిగిలిపోతున్నాయి. ఒక్కొక్కటి నలభై కిలోలు ఉంటుంది. నీళ్లలో అంత తేలిగ్గా ఈదే జీవి ఇసక మీద నాలుగు అడుగులు పాకి ఆగుతుంది, పెద్దగా ఊపిరి వదులుతుంది, మళ్లీ పాకుతుంది.

మేం ఒకదాని వెనక కూర్చున్నాం. వెనక కాళ్లతో, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ, గరిటెతో పిండి తీసినట్టు ఇసక తీసింది. అడుగున్నర లోతు గొయ్యి. అది చూడకుండానే తీస్తోంది, తల సముద్రానికి అవతలి వైపు ఉంది. తర్వాత గుడ్లు, రెండేసి మూడేసి, తెల్లగా, మెత్తటి పెంకుతో. ఒక్కో తల్లి వంద దాకా పెడుతుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మా అత్త దాన్ని పురుటి నొప్పి అనే అంటుంది. ఒంట్లో చేరిన ఉప్పును కంటి దగ్గరి గ్రంథులు అలా బయటికి పంపుతాయని తర్వాత చదివాను, కానీ ఆ క్షణంలో నాకు అత్త మాటే నిజమనిపించింది. గొయ్యి కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసకను దబ దబ కొట్టి గట్టిపరిచింది. ఆ దబదబలు తీరం పొడవునా వినిపిస్తున్నాయి. గంట కూడా పట్టలేదు, వెనక్కి తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది. పిల్లల మొహం అది ఎప్పటికీ చూడదు.

అది వెళ్లిన చోటుకే ఇంకొకటి వచ్చి తవ్వడం మొదలుపెట్టింది. ముందు తల్లి పెట్టిన గుడ్లు ఇసకతో పాటు ఎగిరి మా కాళ్ల మీద పడ్డాయి. నేను ఆపబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు. "ఇసక తక్కువ, తల్లులు ఎక్కువ. మనమేం చేస్తాం" అన్నాడు. తెల్లారేసరికి ఆ గుడ్ల కోసం కాకులు, కుక్కలు.

ఆ ఇసక తక్కువ కావడమే నా అసలు బాధ. ఈ తీరం కోతకు గురవుతోంది. పక్కనే ఉన్న పొడంపేట ఊరిని సముద్రం తినేసింది, జనం ఇళ్లు వదిలి వేరే చోటికి పోవాల్సి వచ్చింది. మొగ కూడా ఒక చోట నిలవదు. కొన్ని సంవత్సరాలు తాబేళ్లు గుంపుగా ఎక్కనే ఎక్కవు. ఆ ఏడు పల్లెలో ఏదో చెడు జరిగినట్టు మాట్లాడుకుంటారు.

ఇంకో బాధ చూడ్డానికి వచ్చేవాళ్లతో. ఆ రాత్రే ఒకాయన తన పిల్లాణ్ణి గుడ్లు పెడుతున్న తాబేలు వీపు మీద కూర్చోబెట్టి ఫ్లాష్ కొట్టి ఫొటో తీస్తున్నాడు. బావ కేకలు వేస్తే "టికెట్టేం లేదుగా, మీకేంటి" అన్నాడు. రాత్రంతా నిద్ర మానుకుని కాపలా కాసే పల్లె కుర్రాళ్లకు ఇలాంటివాళ్లతో రోజూ గొడవే. బడిలో నాకు ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బల గురించి పేజీలకు పేజీలు చెప్పారు, ఇంటి పక్క తీరం గురించి ఒక్క వాక్యం చెప్పలేదు. అందరికీ బడిలోనే చెప్పి ఉంటే ఆ ఫొటో ఆయన ఆ పని చేసేవాడు కాదని నా నమ్మకం.

రుషికుల్య సంగతి 1994లో బివాస్ పాండవ్ అనే పరిశోధకుడి ద్వారా శాస్త్రవేత్తల లోకానికి తెలిసింది. మా అత్తగారి తరానికి అది పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా ఇంట్లో తాబేలంటే శ్రీకూర్మం స్వామే. వలలో బతికున్న తాబేలు పడితే వల కోసైనా వదలాల్సిందే. 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతి మా తాతకు తెలియదు, ఈ పట్టింపు మాత్రం తెలుసు.

నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధామ్రా మొగల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. తాబేలుకు ఊపిరి కోసం పైకి రావడం తప్పదు, ట్రాలర్ అనే పెద్ద మర పడవ ఈడ్చే వల్లో ఇరుక్కుంటే మునిగి చస్తుంది. ఇరుక్కున్న తాబేలు బయటపడే తలుపులాంటి అమరిక ఉంది, దాన్ని ప్రతి ట్రాలర్‌కూ బిగించి తీరాలి. జనవరిలో ఒడ్డుకు కొట్టుకొచ్చే శవాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నిషేధం ఉండాల్సిందే, ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. కానీ ఏడు నెలలు పడవ ఒడ్డున పెట్టి అప్పులు చేసేది చిన్న పడవల వాళ్లు. ప్రపంచం గొప్పగా చెప్పుకునే ఈ వింత ఖర్చు మా బావలాంటి వాళ్ల వంటింట్లోంచి వస్తోంది. వాళ్లకు ఇచ్చే సాయం అందుకు ఏ మూలకూ చాలదు.

చూడాలనుకుంటే హౌరా–చెన్నై రైలు మార్గంలో బరంపురంలో దిగండి. ఫలానా తేదీ అని ఎవరూ చెప్పలేరు, ఫిబ్రవరి మధ్య నుంచి కబురు కోసం చూడాలి. గుంపు ఎక్కే రోజుల్లో అటవీ శాఖ వాళ్లు దగ్గరికి రానివ్వకపోవచ్చు, వాదించకండి. కుదరకపోతే నెలన్నర, రెండు నెలల తర్వాత పిల్లలు బయటికొచ్చేటప్పుడు రండి. ఇసక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. అవి వెలుగు ఉన్న వైపే సముద్రం అనుకుని పరిగెడతాయి. హోటళ్ల దీపాలు, హైవే దీపాలు వాటిని ఊరివైపు లాగేస్తాయి. అందుకే టార్చి తేవద్దు, ఫోన్ లోపల పెట్టుకోండి, దారి తప్పిన పిల్ల కనిపిస్తే కాపలా కుర్రాళ్లను పిలవండి. పిల్లల్ని సముద్రం దాకా చేర్చే బుట్టలు వాళ్ల దగ్గరే ఉంటాయి.