మాట పడిపోయే జబ్బును కథలో పెట్టేటప్పుడు

చిన్నీ,

కథ చదివాను. లోకంలో లేని జబ్బును పుట్టించి హీరోయిన్‌కి అంటగట్టావు, అది నీ ఇష్టం, ఎవరూ కాదనరు. కానీ ఆమె మాట అసలు ఎక్కడ ఆగిపోతోందో నువ్వింకా తేల్చుకోలేదని మూడో పేజీకే తెలిసిపోయింది. ఇన్నేళ్లు స్పీచ్ థెరపీ చేసినదాన్ని, నా కన్ను ముందు అక్కడికే పోతుంది మరి.

గొంతులోనా, నాలుక కండరాల్లోనా, మెదడులో మాటలు కూర్చుకునే చోటా, లేక భయం వల్లా? ముందు ఇది తేల్చుకో, కథలో సగం దానంతట అదే వస్తుంది. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేసిన మనిషికి గొంతు పోతుంది గానీ భాష పోదు, రాయమంటే పేజీలు రాస్తాడు. సెలెక్టివ్ మ్యూటిజం ఉన్న పిల్ల ఇంట్లో వసపిట్టలా వాగుతుంది, బడి గేటు దాటితే పెదవి విప్పదు. అది మొండితనం కాదు, టెన్షన్.

నువ్వు రాసినట్టు తెల్లారేసరికి మాట పడిపోయిందంటే అది స్ట్రోక్ తర్వాత వచ్చే అఫేసియాకి, అంటే మెదడు దెబ్బతిని మాటలు కూర్చుకోలేకపోవడానికి, దగ్గర. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు చూసిన రోగి ఏమడిగినా 'టాన్' అనే అనేవాడు. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది, చేతులతో జవాబిచ్చేవాడు, బాగా కోపమొస్తే మాత్రం ఒక తిట్టు బయటికొచ్చేది. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఇలాంటివాళ్లకి పెన్నూ కాగితం ఇస్తే గడగడా రాసేస్తారనుకోకు, మామూలుగా రాత కూడా మాటతో పాటే దెబ్బతింటుంది. పుట్టినప్పటి నుంచీ సైగల భాషలోనే బతికిన బధిరులకి అక్కడ దెబ్బ తగిలితే సైగలు కూడా తడబడతాయి. నీ హీరోయినేమో నాలుగు పేజీల ప్రేమలేఖ రాసి పారేసింది!

ఆ ఉత్తరం తీసేసి పాటో, శ్లోకమో పెట్టు. నా దగ్గరికొచ్చిన ఒకాయన భార్య పేరు పలకబోయి చెమటలు పట్టిపోయేవాడు, 'శుక్లాంబరధరం' అని అందిస్తే చాలు, శ్లోకం మొత్తం చెప్పేసేవాడు. అంకెలు, వారాల పేర్లు, తిట్లు, ఇలా అలవాటుగా దొర్లేవి చాలామందికి మిగులుతాయి. ఆయన భార్య పక్కనే కూర్చుని, నా పేరు రాదు గానీ బూతులన్నీ వస్తున్నాయమ్మా అని విసుక్కునేది.

చూడటానికి వచ్చేవాళ్లనీ వదలకు. చెవుడు లేకపోయినా గట్టిగా అరిచి మాట్లాడతారు, అవును కాదు అని తలాడించేలోపు కోడలో కొడుకో జవాబు చెప్పేస్తారు, ఆ మనిషి ముందే ఆస్తి సంగతులు మొదలుపెడతారు. నన్నడిగితే అసలు కథ అక్కడుంది.

జబ్బుకి లాటిన్ పేరు వద్దు, ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో అదే పేరు పెట్టు. గుడి గంట మోగగానే మాట వచ్చేయడం కూడా కొట్టేయ్. పెట్టుకున్న రూలు నీ అవసరం కోసం నువ్వే తప్పితే చదివేవాడు ఇంక నిన్ను నమ్మడు.

మళ్లీ రాశాక ప్రింటు తీసి పంపు, ఫోన్లో చదివితే కళ్లు లాగుతున్నాయి.

పెద్దమ్మ