పొదిగిన వజ్రం రాలిపోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై అన్నానగర్‌లో ఉంటున్నాం. అమ్మ ఉంగరంలో రాయి పగిలితే, సర్టిఫికెట్ ఉన్న అర క్యారెట్ వజ్రం కొని, టీ నగర్‌లో వేరే షాపువాళ్లకు పొదగమని ఇచ్చాను. మజూరీ రూ. 3,500 తీసుకున్నారు. తెచ్చుకున్న 19 రోజులకే వజ్రం ఎక్కడో రాలిపోయింది. అడిగితే, "పాత ఉంగరం, అరిగిపోయింది. మా బాధ్యత కాదని చీటీ వెనకే ఉంది" అంటున్నారు. ఇచ్చినప్పుడు ఉంగరం 4.20 గ్రాములు, తిరిగి ఇచ్చినప్పుడు వజ్రంతో కలిపి 3.90. పోలీసులకు చెప్పాలా?

జవాబు: ముందు ఒక్క మాట అమ్మా. "ఇటివ్వండి, చూసి సరిచేస్తాం" అన్నా సరే, ఉంగరాన్ని మళ్లీ ఆ షాపు చేతికి ఇవ్వకండి. రాయిని పట్టి ఉంచే కొక్కేలు విరిగాయా, వంగాయా, అసలు సరిగ్గా మడవనే లేదా అన్నదే మీ కేసు. వాళ్లు మెరుగు పెట్టి ఇస్తే ఇక మీ దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. దగ్గరగా ఫొటోలు తీయండి. రత్నాల నిపుణుడికో, చేయి తిరిగిన కంసాలికో చూపించి అభిప్రాయం సంతకంతో రాయించుకోండి. పనిలో లోపం ఉందని చూపాల్సింది మీరే. ఆ కాగితం లేకపోతే "ఏ తలుపుకో తగిలించుకుని ఉంటారు" అని తోసేస్తారు.

ఉంగరం పాతదనే సాకు నాకైతే నిలిచేదిగా కనిపించడం లేదు. పాతదని కౌంటర్ మీద పెట్టినప్పుడే కనబడింది కదా! అరిగిన కొక్కేల్లో అర క్యారెట్ రాయి నిలవదనుకుంటే పని ఒప్పుకోకూడదు, లేదా కొక్కేలు కొత్తగా అతకాలని చెప్పాలి. ఏమీ చెప్పకుండా మజూరీ తీసుకుని పొదిగితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని గట్టిగా వాదించవచ్చు. మీకు చూపించకుండా చీటీ వెనక అచ్చేసిన వాక్యం పనిలో లోపాన్ని మాఫీ చేయదు. "నష్టం వస్తే నాదే" అని మీరు సంతకం పెట్టి ఉంటే మాత్రం కేసు బలహీనపడుతుంది.

ఇక తూకం. క్యారెట్ అంటే 0.2 గ్రాము, మీ వజ్రం 0.10. పాత రాయి 30 సెంట్లనుకుంటే (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు) 0.06. అంటే రాయి మారినందుకు బరువు కాస్త పెరగాలి. ఆకురాయి పట్టినప్పుడు కొంత పొడి రాలుతుంది, నిజమే. సైజు తగ్గించమని అడిగి ఉంటే ముక్క కోస్తారు, ఆ ముక్క కూడా మీదే. అదేమీ లేకుండా 0.30 గ్రాము ఎలా తగ్గిందో వాళ్లే లెక్క చెప్పాలి. చెన్నైలో సేదారం అనే మన తరుగు కొత్త నగ చేయించినప్పటి మాట, దాన్ని ఇక్కడికి లాక్కురానివ్వకండి. పనికోసం అప్పగించిన వస్తువును జాగ్రత్తగా చూసి తిరిగి ఇవ్వాలని 1872 కాంట్రాక్టు చట్టమే చెబుతోంది.

పోలీసుల దగ్గరకు ఇప్పుడే వద్దు. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహానికి దురుద్దేశం ఉండాలి. రాయి ఊడడం నేరం కాదు. బంగారం కావాలనే తీశారని ఆధారం దొరికితే అప్పుడు చూద్దాం.

వజ్రం బిల్లు ధర, మజూరీ, తగ్గిన బంగారం విలువ అడుగుతూ 15 రోజుల గడువుతో రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బదులు రాకపోతే చెన్నైలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. కేసు ఏ కమిషన్ పరిధిలోకి వస్తుందో లెక్కగట్టేది మీరు ఆ సేవకు చెల్లించిన సొమ్మును బట్టి, వజ్రం ధరను బట్టి కాదు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు. మా వకీళ్లకు కోపం వచ్చినా చెబుతాను, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. పక్కా బిల్లు ఇవ్వకపోయినా టెన్షన్ పడకండి, యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు, తూకం రాసిన చీటీ పనికొస్తాయి.

పగిలిన పాత రాయి తిరిగి ఇచ్చారా? ఇవ్వకపోతే అదీ నోటీసులో రాయండి.