రద్దయిన కంపెనీ పేరు మీద ప్లాటు.. అమ్ముకునేదెలా?

ప్రశ్న: 2016లో నేను, మా బావమరిది కలిసి మిర్చి వ్యాపారానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాం. ఎనుమాముల మార్కెట్‌లో సరుకు కొని బయటి రాష్ట్రాలకు పంపేవాళ్లం. కరోనాతో వ్యాపారం ఆగిపోయింది. 2019–20 తర్వాత లెక్కలు దాఖలు చేయలేదు. గోదాం కట్టాలని మామునూరు వైపు కంపెనీ పేరు మీద కొన్న ప్లాటు ఇప్పుడు రూ.40 లక్షలు పలుకుతోంది. బ్యాంకులో రూ.8 లక్షల ఎఫ్‌డీ ఉంది. ప్లాటు అమ్మబోతే కొనేవాళ్ల లాయరు, కంపెనీ 2023లోనే రద్దయిందని చెప్పాడు. బ్యాంకు ఎఫ్‌డీ ఇవ్వనంటోంది. ఒకాయన లక్షన్నర ఇస్తే ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఆఫీసులో మాట్లాడి సరిచేయిస్తానంటున్నాడు. వచ్చే ఏడాది మా అమ్మాయి పెళ్లి. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ లక్షన్నర ఇవ్వడం ఆపండి. మీలాంటి వాళ్లు అడిగితే ఆర్‌ఓసీ ఆఫీసు తనంతట తాను కంపెనీని తిరిగి నిలబెట్టలేదు. ఆ అధికారం నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌ది. దాని హైదరాబాద్ బెంచ్ బండ్లగూడలోని కార్పొరేట్ భవన్‌లో ఉంది. మాట్లాడి చేయించే పని కాదిది, పిటిషన్ వేసి ఆర్డరు తెచ్చుకోవాల్సిన పని.

పాత లెటర్‌హెడ్ మీద తీర్మానం రాసి ప్లాటు రిజిస్ట్రేషన్ చేసేద్దామని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. రద్దయిన కంపెనీ తరఫున అమ్మకం సంతకం పెట్టే హక్కు ఈరోజు మీకూ లేదు, మీ బావమరిదికీ లేదు. కొన్నవాళ్లు రేపు కేసు వేస్తే అది మీ ఇద్దరి మీదికే వస్తుంది. కంపెనీ పోయినా డైరెక్టర్ల బాధ్యత పోదని చట్టమే చెబుతోంది.

వరుసగా రెండేళ్లు వ్యాపారం చేయని కంపెనీ పేరును కంపెనీల చట్టం 2013, సెక్షన్ 248 కింద ఆర్‌ఓసీ తన రిజిస్టరులోంచి కొట్టేయవచ్చు. మీకు జరిగింది అదే అయి ఉంటుంది. ముందుగా నోటీసు పంపుతారు, అది పాత ఆఫీసు అడ్రసుకు వెళ్లి మీ చేతికి అందకపోయి ఉండొచ్చు. బ్యాంకును తప్పుపట్టి లాభం లేదు. 2017లో 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసినప్పుడు వాటి ఖాతాలను ఆపమని కేంద్రమే బ్యాంకులకు చెప్పింది.

దారి మాత్రం ఉంది. సెక్షన్ 252 కింద ఆర్‌ఓసీ ఉత్తర్వు వచ్చిన మూడేళ్లలో అప్పీలు చేసుకోవచ్చు. ఆ గడువు దాటినా, కంపెనీ గానీ వాటాదారు గానీ కంపెనీకి అప్పు ఇచ్చినవాళ్లు గానీ గెజిట్‌లో ప్రకటన వచ్చిన 20 ఏళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేరు కొట్టేసే నాటికి కంపెనీ నడుస్తోందని గానీ, తిరిగి నిలబెట్టడం న్యాయమని గానీ ట్రిబ్యునల్‌కు అనిపించాలి. వ్యాపారం ఆగిందని మీరే అంటున్నారు కాబట్టి మీ బలం రెండోదాని మీదే. కంపెనీ పేరున ఉన్న సేల్ డీడ్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఎఫ్‌డీ రసీదు, వడ్డీ మీద టీడీఎస్ కనిపించే ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్ 26ఏఎస్, బ్యాంకు స్టేట్‌మెంట్లు వెతికి పెట్టండి. నడుస్తోందని అబద్ధం రాయించొద్దు. ఆదాయపు పన్ను రిటర్నులు వేయలేదన్న సంగతి ఎలాగూ బయటపడుతుంది.

ఇక అసలు ఖర్చు. ఏటా ఆర్‌ఓసీకి వేయాల్సిన ఫారాలు రెండు, లెక్కలకు ఏఓసీ–4, వార్షిక రిటర్నుకు ఎంజీటీ–7ఏ. ఒక్కోదానికి ఆలస్య రుసుము రోజుకు రూ.100, పైపరిమితి లేదు. కంపెనీ తిరిగి నిలబడితే అసలు కొట్టేయనట్టే లెక్క, కాబట్టి 2023 తర్వాతి ఏళ్లవీ వేయాలి. 2020–21 నుంచి 2024–25 వరకు ఐదేళ్లకు పది ఫారాలు. ఒక్కోటి సగటున 900 రోజులు ఆలస్యం అనుకున్నా 10 × 900 × 100, అంటే రూ.9 లక్షలు. పది ఫారాలూ కలిపి రోజుకు వెయ్యి చొప్పున ఇంకా పెరుగుతూనే ఉంది. లాయరు, కంపెనీ సెక్రటరీ (సీఎస్) ఫీజులు, ట్రిబ్యునల్ ఏమైనా ఖర్చులు విధిస్తే అవి, పన్ను బాకీలు వేరే.

ఎఫ్‌డీ ఒక్కటే ఉండి ఉంటే, 8 లక్షల కోసం 9 లక్షలు పెట్టొద్దనే చెప్పేవాణ్ని. ప్లాటు ఉంది కాబట్టి వెళ్లమంటున్నాను. మామునూరు ఎయిర్‌పోర్టు మాట వచ్చాక ధర ఇంకా పెరుగుతుందని కూర్చుంటే రుసుమూ పెరుగుతుంది.

పిటిషన్ ఖర్చులు మొదట మీ జేబు నుంచే పెట్టాలి. బిల్లులు కంపెనీ పేరున తీసుకుని, మీ సొంత ఖాతా నుంచే చెల్లించండి, నగదు వద్దు. రేపు లెక్కల్లో అది డైరెక్టర్ అప్పుగా నిలుస్తుంది, వెనక్కి తీసుకోవచ్చు. మీ బావమరిదితో వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, చుట్టరికం చుట్టరికమే. ఆర్డరు వచ్చాక 30 రోజుల్లో దాని కాపీని ఐఎన్‌సీ–28 ఫారంతో ఆర్‌ఓసీకి వేస్తే పోర్టల్‌లో కంపెనీ మళ్లీ యాక్టివ్ అవుతుంది. అప్పుడు ఎఫ్‌డీ విడిపించుకుని రుసుములకు వాడండి. ఫారాలు వేయడానికి ట్రిబ్యునల్ తక్కువ గడువు ఇవ్వవచ్చు, బ్యాంకు ఆలస్యం చేయవచ్చు, అందుకని కొంత డబ్బు చేతిలో ఉంచుకోండి.

మీ బావమరిది ఇంకో కంపెనీలో కూడా డైరెక్టరా? వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే సెక్షన్ 164 కింద ఐదేళ్ల అనర్హత పడుతుంది, అక్కడి పదవీ పోతుంది. ఈ విషయం లాయరుతో విడిగా మాట్లాడండి.

పెళ్లి విషయానికొస్తే, అమ్మిన 40 లక్షలూ మీ చేతికి రావు. భూమి లాభం మీద కంపెనీ 12.5 శాతం, ఆపై సెస్సు కట్టాలి. మిగిలింది డివిడెండుగా తీసుకుంటే మీ శ్లాబు ప్రకారం మళ్లీ పన్ను. అందుకే పాత బ్యాలెన్స్ షీట్ తీయండి. ప్లాటు కొన్నప్పుడు మీరు వేసిన డబ్బు డైరెక్టర్ల అప్పుగా రాసి ఉంటే, అంత మొత్తం అప్పు తీర్చినట్టుగా పన్ను లేకుండా తీసుకోవచ్చు. వాటా మూలధనంగా రాసి ఉంటే ఆ వీలు లేదు. ఈ కేసుకు నెలలు పట్టవచ్చు, ప్లాటు అమ్మకానికి ఇంకొంత కాలం. పెళ్లి ఖర్చును ఈ డబ్బు మీద పెట్టుకోకుండా, మీ సొంత పొదుపులోంచే లెక్కేసుకోండి.