ఓరండా చేపలకు ముందు వచ్చింది ఫంగస్ కాదు, కోట బొమ్మ గాయాలు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చెన్నై కొళత్తూరులో రంగుచేపలు పెంచి అమ్ముకుంటున్నాం. షాపు ముందు ట్యాంకులో (3 అడుగుల పొడవు, 1.5 వెడల్పు, 1.5 ఎత్తు) ఆరు ఓరండా గోల్డ్‌ఫిష్‌లు, ఆరంగుళాల సక్కర్ చేప ఒకటి ఉన్నాయి. పెద్ద ఓరండాలు మూడింటికి రెండు పక్కలా పొలుసులు ఊడి, తెల్లగా దూదిలాంటిది పట్టింది. చిన్నవి మూడూ బాగానే ఉన్నాయి. మందుల షాపులో ఫంగస్ అని మిథిలీన్ బ్లూ, పసుపు రంగు యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. ఐదు రోజులు వేశాం. తగ్గకపోగా ఇప్పుడు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నిన్న పొద్దున సక్కర్ ట్యాంకులో అలంకరణకు పెట్టిన కోట బొమ్మ కిటికీలో ఇరుక్కుంది. తోక పట్టి లాగితే రెక్క చిరిగి బయటికి వచ్చింది. మందు డోసు పెంచమంటారా? – ఒక మహిళా రైతు, కొళత్తూరు, చెన్నై

జవాబు: పెంచొద్దమ్మా. ఆ రెండు మందులూ ఈ రోజే ఆపేయండి.

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. జబ్బయితే ముందు నీరసంగా ఉన్న చేపలకో చిన్నవాటికో వస్తుంది. మీ ట్యాంకులో లావుగా ఉన్న మూడింటికే వచ్చింది, అదీ రెండు పక్కలా. మీరు పంపిన ఫోటోలో చూస్తే మూడింటికీ పొట్ట బాగా లావుగా ఉన్నచోటే పొలుసులు ఊడాయి. అవి కోట కిటికీలో దూరి, పెనుగులాడి బయటపడ్డాయి. చిన్నవి అదే కిటికీలోంచి హాయిగా తిరుగుతున్నాయి. దూదిలాంటిది ఫంగసే, కాదనను. కానీ అది గాయం మీద తర్వాత పట్టింది. గాయానికి కారణం ట్యాంకులోనే ఉండగా ఎన్ని మందులు పోసినా ఏం లాభం?

ఇప్పుడు అసలు ప్రమాదం నోళ్లు తెరవడం. మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్ కలిసి ఫిల్టర్ స్పాంజిలోని మంచి బాక్టీరియాను దెబ్బతీస్తాయి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను అరిగించేది ఆ బాక్టీరియానే. చెన్నై బోరు నీళ్లకు చాలాచోట్ల క్షారగుణం ఎక్కువ, పైగా ఎండ వేడి. ఈ రెండూ అమ్మోనియా విషాన్ని పెంచుతాయి. చుక్కల టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, దాని నుంచే పుట్టే ఇంకో విషం నైట్రైట్ ఈ రోజే చూడండి. రెండూ సున్నా ఉండాలి. మందుకు డబ్బు పెట్టినవాళ్లు నీటి పరీక్షకు ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు. మందు అమ్మినవారు కూడా ముందు నీళ్లు చూశారా అని అడిగి ఉండాల్సింది. కోట బొమ్మా ఆ షాపులోనే కొన్నారా? అయితే మరీ అన్యాయం.

ఈ రోజు 30 శాతం నీళ్లు మార్చండి. తర్వాత వారం పాటు రోజూ 25 శాతం. కొత్త నీళ్లు ఏరేటర్ పెట్టి 24 గంటలు నిలవ ఉంచినవై ఉండాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి, ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండండి. ఒక రోజు మేత ఆపి, తర్వాత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. ఏరేటర్ రాత్రంతా నడవాలి.

గాయపడిన మూడు ఓరండాలను 40 లీటర్ల టబ్బులోకి మార్చండి. లీటరుకు 2 గ్రాముల చొప్పున 80 గ్రాముల కల్లుప్పు తీసుకోండి. మూడు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని నాలుగు గంటలకొకసారి విడిగా నీళ్లలో కరిగించి పోయండి. రోజూ 10 లీటర్లు మార్చి, ఆ 10 లీటర్లకు సరిపడా 20 గ్రాములే కలపండి. మళ్లీ 80 కాదు! ఏడు రోజులు చాలు. సక్కర్‌ను ఈ ఉప్పు నీళ్లలో వేయొద్దు. దానికి శుభ్రమైన నీళ్లు చాలు, రెక్క మళ్లీ వస్తుంది. ఐదు రోజులకూ గాయం ఎర్రగానే ఉన్నా, పుండు పడినా, మాధవరంలోని మత్స్య విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు చేపను బతికుండగానే తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ సంగతి వాళ్లు చెప్పాక చూద్దాం.

మీ ట్యాంకులో నీళ్లు ఎంత అనుకుంటున్నారు? అడుగుల్లో కొలతలు గుణించి 28.3తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. పైన ఖాళీ, అడుగున గులకరాళ్లు తీసేస్తే మీది 150 లీటర్లకు మించదు. షాపులో చెప్పిన డోసు ఎన్ని లీటర్లకో మీరు రాయలేదు. బహుశా వాళ్లూ అడగలేదు.

ఇక కోట సంగతి. కొన్నప్పుడు రెండంగుళాలున్న సక్కర్ ఇప్పుడు ఆరంగుళాలు. కిటికీ మాత్రం అంతే ఉంది. సక్కర్ బెదిరితే రెక్కల ముళ్లు విప్పి బిగుసుకుంటుంది. ఒంటిపై పలకలు, ముళ్లు వెనక్కి వాలి ఉంటాయి, అందుకే తోక పట్టి లాగితే ఇంకా గుచ్చుకుంటాయి. ఇంకోసారి ఇరుక్కుంటే లైటు ఆపి, బొమ్మను నీళ్లలోనే ఉంచి పది నిమిషాలు ఆగండి. చాలాసార్లు అదే వస్తుంది. రాకపోతే బొమ్మతో సహా ట్యాంకు నీళ్ల బకెట్‌లోకి మార్చి, తల ఉన్న వైపుకే మెల్లగా నెట్టండి. అదీ కాకపోతే నీళ్ల లోపలే కటింగ్ ప్లేయరుతో బొమ్మను విరగ్గొట్టండి. బొమ్మ పోతే పోయింది. బయటపడ్డాక వలతో పట్టకండి, ముళ్లు వలలో చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ డబ్బాతో పట్టండి.

ఏ బొమ్మకైనా రంధ్రం చేప తల కూడా దూరనంత చిన్నదిగా ఉండాలి, లేదా ట్యాంకులోని లావుపాటి చేపకు రెండింతలు ఉండాలి. మధ్యస్థంగా ఉన్నదే ప్రమాదం. మట్టి కుండీ అడుగు రంధ్రం కూడా ఇలాంటిదే. మూసేయాలంటే అద్దాల ట్యాంకులు అతికించే సిలికాన్ వాడండి. బాత్రూముల సిలికాన్ వద్దు, దానిలో ఫంగస్ మందు కలుపుతారు. 48 గంటలు ఆరబెట్టి, పుల్లటి వాసన పూర్తిగా పోయాకే నీళ్లలో పెట్టండి. పాత నైలాన్ సాక్సును బొమ్మ మీద రుద్ది చూడండి. పోగు ఎక్కడ లేస్తే అక్కడ గరుకు కాగితంతో నున్నగా చేయండి. ఓరండాకు తల మీది కండ పెరిగి చూపు సరిగ్గా ఉండదు, ప్రతి మొనకూ తగులుతుంది. నన్నడిగితే ఓరండాల ట్యాంకులో బొమ్మలే వద్దు. రోజూ మేత వేసేటప్పుడు చేపల్ని లెక్కపెట్టండి, ఒకటి తగ్గితే ముందు బొమ్మల్లో వెతకండి.

సక్కర్‌ను వాటితో ఉంచొద్దు. రాత్రిపూట గోల్డ్‌ఫిష్ ఒంటిపై జిగురు నాకే అలవాటు దానికుంది, ఆ గాయాలూ ఇలాగే ఉంటాయి. అడుగు పొడవుకు మించి పెరుగుతుంది కాబట్టి పెద్ద ట్యాంకులోకి మార్చి, నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను అంచులు రాకి అందులో పెట్టండి. పెంచలేకపోతే షాపుకే తిరిగి ఇవ్వండి. రెట్టేరి చెరువులో మాత్రం వదలకండి. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో ఈ చేపే చేరి మన చేపల రైతుల వలలు చింపేస్తోంది.