నొటేషన్ చూసి వాయిస్తే తప్పా?

ప్రశ్న: మా అమ్మాయి పియానో నేర్చుకుంటోంది. ఇంట్లో నొటేషన్ చూడకుండానే చక్కగా వాయిస్తుంది. స్టేజి ఎక్కితే మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. పెద్ద పియానిస్టులు కచేరీ అంతా చూడకుండా ఎలా వాయిస్తారండీ?

జవాబు: మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోందంటే, ఆ సంగీతం మీ అమ్మాయి వేళ్లకు మాత్రమే వచ్చిందన్నమాట. వేళ్లకు వరస తప్ప ఇంకేం తెలియదు. టెన్షన్‌లో ఒక్క మెట్టు జారితే తర్వాతది దొరకదు.

నా శిష్యుల చేత నేను చేయించేది చెబుతాను. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో మాత్రమే మొత్తం చూడకుండా వాయించమంటాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. తర్వాత నొటేషన్ మీద పెన్సిల్‌తో అక్కడక్కడా గుర్తులు పెట్టి, నేను అడిగిన గుర్తు దగ్గర్నుంచి ఎత్తుకోమంటాను. సొనాటాల్లో (కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచనల్లో) ఇది మరీ అవసరం. మొదట్లో వేరే స్కేలులోకి వెళ్లిన భాగమే చివర్లో అసలు స్కేలులో తిరిగొస్తుంది. ఆ మలుపు ఎక్కడుందో బుద్ధికి తెలియకపోతే చెయ్యి పాత దారే పట్టేస్తుంది, ముగింపు ఎప్పటికీ రాదు.

పోర్చుగల్ పియానిస్టు మరియా జువాన్ పిరెస్ సంగతి వినే ఉంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆవిడ మోజార్ట్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) ఒకటి అనుకుని వస్తే, ఆర్కెస్ట్రా మరొకటి, 20వది, మొదలుపెట్టింది. పియానో అందుకోవడానికి రెండు నిమిషాలకు పైగా వ్యవధి ఉంది. కండక్టర్ రికార్డో షైయీ ధైర్యం చెప్పారు, ఆవిడ మొత్తం వాయించేశారు. వేళ్ల అలవాటు ఒక్కటే ఉంటే అది జరిగేది కాదు. ఆ వీడియో మీ అమ్మాయికి తప్పకుండా చూపించండి, ఆవిడ మొహం చూడమనండి.

ఇక చూసి వాయించడం నామోషీ అనుకోవద్దు. 1837లో బెర్లిన్‌లో పియానిస్టు క్లారా వీక్ (తర్వాత క్లారా షూమన్) చూడకుండా వాయిస్తే, పొగరు అన్నవాళ్లున్నారు. తర్వాతి కాలంలో అదే రివాజైంది. సోవియట్ పియానిస్టు రిక్టర్ అంతటివాడు చివరి ఏళ్లలో హాలంతా చీకటి చేయించి, చిన్న దీపం వెలుగులో నొటేషన్ చూస్తూ వాయించాడు. ఆయన సంగీతానికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు. పోటీల్లో నిబంధన ఉంటే సరే, లేకపోతే పిల్లల్ని ఇందుకోసం హడలగొట్టడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

వచ్చే ప్రోగ్రాంలో నొటేషన్ ఎదురుగా పెట్టుకోనివ్వండి. పేజీలు తిప్పడానికి తోటి విద్యార్థి ఎవరైనా పక్కన కూర్చుంటే చాలు. ఎడమ చేతి సాధన మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టించండి.